ఇల్లు కొనే డైరీ: ఎనిమిది ఇళ్లు, ఒక టేపు, అత్తయ్య చేతికర్ర

జూన్ 8, 2025, ఆదివారం

ఓనరు గారు నిన్న ఫోన్ చేసి, అద్దె పదిహేడు వేల నుంచి పంతొమ్మిదిన్నర చేస్తున్నానని చాలా మర్యాదగా చెప్పారు. విశాఖ సీతమ్మధారలో ఈ ఇంట్లో ఉండబట్టి ఆరేళ్లయింది. మొన్న ఆరో తారీఖున రిజర్వ్ బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ) అర శాతం తగ్గించి 5.5 చేసింది కదా, మా ఆయన ఆ వార్త ఫోన్‌లో పట్టుకుని అప్పట్నుంచీ ఇల్లంతా తిరుగుతున్నారు. రెండూ కలిసొచ్చాయి. ఇవాళ్టి నుంచి వెతకడం మొదలు.

చేతిలో పీఎఫ్, చిట్టీ, ఎఫ్‌డీ అన్నీ కలిపి 21 లక్షలు. ఇంటికి లోను ముప్ఫై లక్షలు దాటితే బ్యాంకు ధరలో 80 శాతం దాకానే ఇస్తుంది, రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలపదు. ఆ ఖర్చే మన రాష్ట్రంలో ఏడున్నర శాతం: స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1. అంటే 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు కేవలం కాగితానికే. అన్నీ కలిపి 65 దాటకూడదని గీత గీసుకున్నాం.

నేను స్కూల్లో లెక్కలు చెప్తాను, కాబట్టి మార్కుల పట్టిక లేకుండా పని మొదలవదు. నీళ్లు 20, కాగితాలు 20, దూరం 15, గాలీ వెలుతురూ 15, ధర 15, లిఫ్టు 10, వాస్తు 5. పట్టిక చూసి అత్తయ్య, "వాస్తుకి అయిదేనా అమ్మాయ్?" అన్నారు. అయిదే అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు, అంటే ఈ విషయం ఇక్కడితో అయిపోలేదని అర్థం.

జూన్ 15, ఆదివారం

ఇల్లు 1, వేపగుంట వైపు. నూట ఇరవై గజాల్లో డాబా, వెనక కొబ్బరి చెట్టు, ముందు ముగ్గేసుకునేంత జాగా, ధర 46 లక్షలు. ఈ ధరకి విశాఖలో నేల మీద ఇల్లంటే మా ఆయన కళ్లు మెరిశాయి. నాకు మాత్రం ఇంత తక్కువెందుకో అని పొట్టలో ఏదో తిరిగింది. సర్వే నంబరు అడిగితే అమ్మేవాయన "ఇక్కడ అందరూ నోటరీ మీదే కొనుక్కుంటున్నారమ్మా, నలభయ్యేళ్ల నుంచి ఉంటున్నాం, ఎవడొస్తాడు" అన్నాడు.

ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు గానీ, ఊరికి కొత్తవాళ్ల కోసం రాస్తున్నా. అడివివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ అయిదూ కలిపి పంచగ్రామాలు. సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఇక్కడే. నిషేధిత జాబితాలో, అదే అందరూ 22ఏ అంటారే, అందులో పడిన సర్వే నంబర్లకి సేల్ డీడ్ రిజిస్టర్ కాదు. రిజిస్టర్ కాకపోతే బ్యాంకు లోనివ్వదు. ఇంటికొచ్చి రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో నంబరు కొట్టి చూశాను, ఉంది. వాళ్ల ఇల్లు మంచిదే, వాళ్లూ మంచివాళ్లే. అప్పన్నస్వామి మీద భారం వేసి ఉండేవాళ్లు ఉంటారు, లోను మీద కొనేవాళ్లం మాత్రం ఉండలేం.

ఇల్లు 2, గోపాలపట్నం. పది నిమిషాల్లో బయటికొచ్చేశాం. వంటగదిలో పట్టపగలు లైటు వెయ్యాలి.

జూన్ 22, ఆదివారం

నిన్న యోగా డే. ప్రధానమంత్రి వచ్చారు, ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా జనమే, బండి బయటికి తీసే పని లేదు. అందుకని ఎంవీపీ కాలనీ ఫ్లాటు చూడ్డం ఇవాళ్టికి పడింది.

ఇల్లు 3. 2001లో కట్టినది, రెండో అంతస్తు, ధర 57. లిఫ్టు లేదు. అత్తయ్యకి మోకాళ్లు, అయినా సముద్రపు గాలి కోసం ఎక్కుతానన్నారు. ఎక్కారు కూడా, మధ్యలో రెండుసార్లు ఆగి. పైకి వెళ్లాక నిజంగానే గాలి, అది అబద్ధం కాదు, కర్టెన్లు తెరచాపల్లా ఉబ్బుతున్నాయి. హాలుకి అప్పుడే రంగులేసినట్టున్నారు, ఇంకా వాసన పోలేదు.

అత్తయ్య కూర్చోవడానికి కుర్చీ అడగబోయి, ఎందుకో పైకి చూసి, చేతికర్ర ఎత్తి స్లాబుకి తట్టారు. టక్ టక్ అంది. నాలుగడుగులు బాల్కనీ వైపు జరిగి మళ్లీ తట్టారు. ఈసారి డబ్ డబ్ అంది, ఖాళీ డబ్బా మీద తట్టినట్టు. మా ఆయన, అమ్మే వాళ్లబ్బాయి, బ్రోకరు, నేను, అందరం తలలు పైకెత్తి నిలబడిపోయాం. ఆవిడ మాత్రం మామిడిపళ్లు చూసినంత మామూలుగా ఇంకో అయిదారు చోట్ల తట్టి, "ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా డొల్ల" అని కర్రతో గీత గీసి చూపించారు. మామయ్యగారు ఉన్నప్పుడు చినవాల్తేరులో వాళ్లు ఉన్న ఇంట్లో ఇలాగే పెచ్చు ఊడి మంచం మీద పడిందట, అప్పట్నుంచీ ఈ అలవాటు.

ఉప్పుగాలి పని ఇదే. ఉప్పు కాంక్రీటులోంచి లోపలికి దిగి ఇనుప చువ్వ దాకా వెళ్తుంది, చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కింద కాంక్రీటుని పెచ్చులుగా తోసేస్తుంది. పైన పుట్టీ కొట్టి రంగేస్తే కంటికి కనబడదు, చెవికి దొరుకుతుంది. బాల్కనీలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక్కి చేయి పెడితే రేకు పొడిలా రాలింది. బాగు చేయించొచ్చు, మా స్కూల్లో ఒకరు చేయించుకున్నారు కూడా, కానీ మన ఫ్లాటు స్లాబు బాగు చేయించుకున్నంత మాత్రాన సరిపోదు, కింద పార్కింగ్‌లో స్తంభాలు అందరివీ. ఆ స్తంభాల మూలల్లో నిలువు పగుళ్లు ఉన్నాయి, దిగేటప్పుడు చూశాను.

చేతికర్ర ఇక నుంచి ప్రాజెక్టు సామాన్లలో ఒకటి. మిగతావి: అయిదు మీటర్ల టేపు, టార్చి, మొబైల్ చార్జరు (ప్రతి గదిలో ప్లగ్గు పనిచేస్తుందో లేదో చూడ్డానికి), ఒక గోళీ. గోళీ బాత్రూమ్ నేల వాలు చూడ్డానికి, మా అమ్మాయి సొంత ఐడియా.

జూన్ 29, ఆదివారం

ఆషాఢం వచ్చేసింది. అత్తయ్య తీర్పు: ఆషాఢంలో ఇళ్లు చూడొచ్చు, మాటివ్వకూడదు. నాకు ఇబ్బందేం లేదు, పైగా బేరానికి మంచి సాకు.

ఇల్లు 4, కొమ్మాదిలో కడుతున్న అపార్ట్‌మెంటు. మోడల్ ఫ్లాటులో ఏసీ, కాఫీ, గోడ మీద నవ్వుతున్న కుటుంబం ఫోటో. 1,180 చదరపు అడుగులు, అడుగు 4,800. "యాభయ్యారున్నరలో వచ్చేస్తుంది మేడమ్" అన్నాడు సేల్స్ అబ్బాయి. నేను కాగితం తీసి అడుగుతూ పోయాను: కారు పార్కింగ్ రెండున్నర లక్షలు, అమెనిటీస్ రెండు లక్షలు, అక్కడికే 61 దాటింది, దాని మీద కట్టుబడిలో ఉంది కాబట్టి అయిదు శాతం జీఎస్టీ మూడు లక్షల పైన, కార్పస్ ఫండ్ (బిల్డింగు బాగోగుల కోసం ముందే వసూలు చేసే ఉమ్మడి నిధి) అడుగుకి అరవై, రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం. మొత్తం అరవై తొమ్మిదిన్నర. ఇస్తామన్న గడువు రెండున్నరేళ్లు, ఆ ముప్ఫై నెలలూ ఇప్పటి అద్దే కట్టినా ఇంకో అయిదు లక్షలు. యాభయ్యారున్నర కాస్తా డెబ్బై నాలుగున్నర అయింది. అబ్బాయి మొహం చూస్తే వాడు కూడా మొదటిసారి కూడుతున్నట్టున్నాడు.

ఆఫర్ ధర కావాలంటే ఈ వారంలో 20 శాతం కట్టాలట. అగ్రిమెంటు తర్వాత చేస్తారట. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం రాతపూర్వక అగ్రిమెంటు లేకుండా పది శాతం మించి తీసుకోకూడదు కదా అంటే, "అందరూ ఇస్తున్నారు మేడమ్" అన్నాడు. ఈ వాక్యం నెలలో రెండోసారి విన్నాను, మొదటిది వేపగుంటలో.

పైగా మా ఆయన ఆఫీసు గాజువాక. కొమ్మాది నుంచి పాతిక కిలోమీటర్లకి తక్కువ ఉండదు, హైవే మీద లారీలతో పాటు. పట్టికలో దూరానికి 15కి 3 వేశాను, అది కూడా జాలిపడి.

జూలై 6, ఆదివారం

నిన్న వాన బాగా పడింది, అందుకే పొద్దున్నే ఒకసారి కొమ్మాది మళ్లీ వెళ్లొచ్చాం. కొనడానికి కాదు, వానలో ఎలా ఉంటుందో చూద్దామని. సైటు వెనక ఉన్నది పిల్లకాలువ అనుకున్నాం. అది గెడ్డ, వాన నీళ్లు మోసుకొచ్చే వాగు. ఆ నీళ్లు సెల్లార్‌లోకి వచ్చి సిమెంటు బస్తాల కింద చెక్కలు తేలుతున్నాయి. పోయిన ఆదివారం ఎండలో అదే చోట నిలబడి మేం సెల్ఫీ తీసుకున్నాం.

ఇల్లు 5, అక్కయ్యపాలెంలో పెంట్‌హౌస్. 1,400 అడుగులు 42 లక్షలంటే ఆశపడి వెళ్లాం. ప్లానులో ఆ అంతస్తే లేదు. "బీపీఎస్‌లో రెగ్యులరైజ్ అయిపోతుంది" అన్నారు, అదే, ప్లాను మీరిన కట్టడాలకి జరిమానా కట్టించుకుని ఒప్పుకునే స్కీము. అయ్యాక పిలవండి అన్నాను.

ఇల్లు 7, కూర్మన్నపాలెం, మా ఆయనకి ఆఫీసు దగ్గర, నాకూ పాపకీ స్కూలు దూరం. వాళ్లింట్లో కిటికీ గట్టు మీద వేలితో గీస్తే నల్లగా గీత పడింది. పొద్దున్నే తుడిచానందావిడ.

ఇల్లు 6 ఎందుకు దాటేశానంటే, దాని గురించి రాయాలంటే సిగ్గుగా ఉంది. సీతమ్మధారలోనే, ఇప్పుడున్న వీధికి రెండు వీధుల అవతల, బాల్కనీ ఎదురుగా పారిజాతం చెట్టు. 63 లక్షలు. గీత దాటిపోయింది: రిజిస్ట్రేషన్‌తో కలిపి అరవై ఏడున్నర పైన. అయినా రాత్రి పట్టిక ముందు కూర్చుని 81 మార్కులు వేశాను. పొద్దున లేచి చూసుకుంటే ధరకి 15కి 11 వేసి ఉంది. గీత దాటిన ఇంటికి ధరలో 11 ఎలా వచ్చాయి? అంటే నేను ఇంటిని చూసి మార్కులు వెయ్యట్లేదు, ఆ ఇంటిని పాస్ చేయించడానికి వేస్తున్నాను. మా పదో తరగతి పిల్లలు ఇలాంటి పని చేస్తే పట్టేసుకుంటాను.

దాని కాగితాలూ తేలేలా లేవు. ఓనరు అమెరికాలో, ఇక్కడ తమ్ముడు చూపిస్తున్నాడు, పవర్ ఆఫ్ అటార్నీ వాట్సాప్‌లో ఫోటో ఉంది. అక్కడ సంతకం చేసిన పవర్ ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఇంకొకటి, అమ్మేవాళ్లు ఎన్నారై అయితే టీడీఎస్ (ధరలోంచి మనమే పట్టుకుని కట్టే పన్ను) లెక్కే వేరు. మామూలుగా 50 లక్షలు, ఆపైన ఉన్న ఇంటికి కొనేవాళ్లం ఒక శాతం పట్టుకుని కడితే సరి, ఎన్నారైకి రేటు చాలా ఎక్కువ, పట్టుకోవడం మర్చిపోతే బాధ్యత మనదే. తమ్ముడికి ఈ మాట చెప్తే "అదంతా మా అన్నయ్య చూసుకుంటాడు" అన్నాడు.

పట్టిక మార్చేశాను. మార్కులకి ముందు ఒక గడప పెట్టాను: రిజిస్టర్ కానిది, ప్లానులో లేనిది, 65 దాటేది, లిఫ్టు లేనిది, స్లాబు డొల్లది. ఇవి దాటితేనే మార్కులు. పారిజాతం గడప దగ్గరే ఆగిపోయింది. రెండు రోజులు దిగులుగానే ఉంది.

జూలై 10, గురువారం

నిన్న సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ. ఏటా అనుకోవడం, ఏటా మానేయడం. ఈసారి వెళ్లాం, కొండ కింద తొలి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి ముప్ఫై రెండు కిలోమీటర్లు. ఈ నెల రోజులూ బండి మీద తిరిగిన ఊరే కాళ్ల మీద చూస్తే వేరే ఊరులా ఉంది, అడివివరం, హనుమంతవాక, ఎంవీపీ, మా సీతమ్మధార పక్కనుంచి, కైలాసపురం, మాధవధార. ఏ వీధిలో గాలి ఆడుతోంది, ఎక్కడ మురుగు కంపు, ఎక్కడ రాత్రి పదకొండింటికి కూడా ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని ఉన్నారు, అన్నీ తెలిసిపోతున్నాయి.

మురళీనగర్ దాటుతుంటే ఒక అపార్ట్‌మెంటు వాళ్లు గేటు ముందు రెండు పెద్ద డ్రమ్ములు పెట్టి మజ్జిగ, నీళ్లు ఇస్తున్నారు. నా మడమ మీద బొబ్బ లేచింది, కూర్చున్నాను. పక్కనే ఒకావిడ వచ్చేవాళ్ల కాళ్ల మీద గొట్టంతో నీళ్లు పోస్తున్నారు, ఆపకుండా, ధారగా. ఇన్నాళ్ల అలవాటు కదా, నోరు ఊరుకోలేదు.

"ఇన్ని నీళ్లు ట్యాంకరా అండీ?"

"ట్యాంకరెందుకమ్మా, మా నుయ్యి ఉంది కదా."

ఇక్కడ ముందున్న పాత పెంకుటింటి నుయ్యి పూడ్చకుండా ఉంచారట, కొండ పక్కనే కాబట్టి ఊట ఉంటుందట. కార్పొరేషన్ కుళాయి తాగడానికి, నుయ్యి వాడకానికి. ఎండాకాలం సంగతేంటంటే, మే నెలలో రెండే రెండు ట్యాంకర్లు తెప్పించాం అన్నారు. తర్వాత ఆవిడే, మూడో అంతస్తులో ఒకటి అమ్మకానికి ఉంది, దక్షిణం వాకిలని ఎవరూ రావట్లేదు అన్నారు. నేను మిగతా దూరం ఎలా నడిచానో నాకు తెలీదు.

జూలై 13, ఆదివారం

ఇల్లు 8. తొమ్మిదేళ్ల బిల్డింగు, అయిదంతస్తులు, లిఫ్టు ఉంది, జనరేటర్ మీద కూడా నడుస్తుంది (కరెంటు తీయించి చూశాం). 1,150 అన్నారు, టేపు పెట్టి గది గదికీ కొలిస్తే లోపల 790 తేలింది. తక్కువేం కాదు, మిగతాది గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా. నేల వాటా 36 గజాలు. అడిగింది 58.

మైనస్‌లు ముందు: వంటగది ఏడడుగులు బై ఎనిమిది, ఇద్దరు నిలబడితే ఒకరు వెనక్కి నడవాలి. రెండో బాత్రూమ్ గోడ మీద చెమ్మ మరక. గోళీ బాత్రూమ్‌లో డ్రైన్ వైపు కాకుండా తలుపు వైపు పరిగెత్తింది. స్లాబు మాత్రం అత్తయ్య ప్రతి గదిలోనూ తట్టారు, టక్ టక్ టక్. కింద వాచ్‌మన్ పైకొచ్చి ఏమైందని అడిగాడు.

దక్షిణం వాకిలి గురించి నేను భయపడ్డంత జరగలేదు. తలుపు తీసి, ఎదురు బాల్కనీ తలుపు తీసి, మధ్యలో కుర్చీ వేసుకుని ఆవిడ పది నిమిషాలు ఏం మాట్లాడకుండా కూర్చున్నారు. దక్షిణపు గాలి సూటిగా ఇల్లు దాటి పోతోంది. "మీ మామయ్యగారు దక్షిణం వాకిలి ఇంట్లోనే పుట్టారు" అన్నారు చివరికి. ఈ సంగతి పన్నెండేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

బుధవారం రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, శుక్రవారం పొద్దున ఆరింటికి ఒకసారి మళ్లీ వెళ్లాలి.

జూలై 20, ఆదివారం

రెండుసార్లూ వెళ్లాం. రాత్రి ప్రశాంతంగా ఉంది, పిట్ట చప్పుడు లేదు. పొద్దున కుళాయి నీళ్లు వచ్చాయి. ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు, అప్పులు చూపించే సర్టిఫికెట్) తీయిస్తే 2018లో ఒక బ్యాంకుకి టైటిల్ డీడ్లు డిపాజిట్ చేసిన, అంటే తాకట్టు పెట్టిన ఎంట్రీ కనబడింది, తీసేసిన ఎంట్రీ లేదు. అమ్మేవాళ్లు పెద్దవాళ్లు, బెంగుళూరు కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. "లోను ఎప్పుడో కట్టేశాం తల్లీ" అని బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన ఎన్వోసీ తెచ్చి చూపించారు. కట్టారు, నిజమే. కానీ తాకట్టు తీరిందని చెప్పే రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించలేదు, చేయించాలని ఎవరూ చెప్పలేదట. అది లేకుండా మా బ్యాంకు లాయరు ఫైలు ముట్టుకోడు. వాళ్ల ఖర్చుతోనే చేయిస్తామన్నారు.

బేరం యాభై నాలుగున్నర దగ్గర ఆగింది. దక్షిణం వాకిలికి థ్యాంక్స్.

జూలై 25, శుక్రవారం

శ్రావణం మొదటి రోజు, శుక్రవారం. అగ్రిమెంటు రాసుకున్నాం, అడ్వాన్స్ రెండు లక్షలు బ్యాంకు ద్వారానే. రిలీజ్ డీడ్ కాకపోతే అడ్వాన్స్ వెనక్కి అని ఒక లైను రాయించాను. లోను 42 లక్షలు, ఇరవయ్యేళ్లు, 7.75 మీద ఈఎంఐ ముప్ఫై నాలుగున్నర వేలు. చెమ్మ మరక వాళ్లే బాగు చేయిస్తారు.

ఆగస్టు 10, ఆదివారం

రిలీజ్ డీడ్ బుధవారం అయింది, కొత్త ఈసీలో ఎంట్రీ కూడా వచ్చింది. లోను శాంక్షన్. వచ్చే బుధవారం రిజిస్ట్రేషన్.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న వంటగది కప్‌బోర్డుల కొలతలకి రాత్రి ఎనిమిదింటికి వెళ్లాం. లిఫ్టు దిగేసరికి నేల అదురుతోంది. వెనక పడకగది కిటికీ తీస్తే ఎదురుగా, గోడ అవతల, రేకుల షెడ్డు అనుకున్నది కల్యాణ మండపం. డీజే, బ్యాండు, మైకులో ఎవరో పెళ్లికొడుకు మేనమామని స్టేజీ మీదకి రమ్మని పిలుస్తున్నారు. పదకొండున్నర దాకా అంతే అట.

మూడుసార్లు వెళ్లాం, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, తెలివిగా. మూడుసార్లూ ఆషాఢంలో. ఆషాఢంలో పెళ్లెవరు చేస్తారు? పెద్దాయన్ని అడిగితే "మీరు అడగలేదు కదమ్మా, మాకు అలవాటైపోయింది" అన్నారు. నా పట్టికలో చప్పుడుకి గడి లేదు.

మా ఆయన వెనక్కి తగ్గుదామా అన్నారు, ఒక్క క్షణం నేనూ ఆలోచించాను. తగ్గట్లేదు. వెనక గది పాపకి అనుకున్నాం, అది ఇప్పుడు మాది. రెండు అద్దాల యూపీవీసీ కిటికీకి 19 వేలు చెప్పాడు, ఇంకో ఇద్దరిని అడగాలి.

అత్తయ్య భోజనం అయ్యాక పంచాంగం, నా ఎర్ర పెన్ను తీసుకుని సోఫాలో కూర్చున్నారు. గృహప్రవేశానికి ముహూర్తం చూస్తున్నారనుకున్నాను. కాదు, వచ్చే ఉగాది దాకా పెళ్లి ముహూర్తాలన్నీ లెక్కపెడుతున్నారు, పక్కన పాప కూర్చుని రాత్రి ముహూర్తాలకి సున్నాలు చుడుతోంది.